వొస్తే ఎవరింట్లో దిగుతారండీ?

నేను తెలుగు మేష్టర్ని. మాలోణ్ణి. ఈ రెండు ముక్కలూ వరసగా చెప్తే ఇప్పటికీ కొందరు ఒక్క క్షణం ఆగి నా మొహం చూస్తారు. లెక్కల మేష్టారంటే ఆగరు, సైన్సంటే ఆగరు. తెలుగు దగ్గరే ఆగుతారు. ఛందస్సు మన నాలిక మీద ఎలా నిలబడిందా అని కాబోలు. మాది అంబాజీపేట. కోనసీమలో కొబ్బరి ధర ఎంతుందో తెలియాలంటే మా ఊరి మార్కెట్టు వేపే చూస్తారు. ఆ మార్కెట్లోకి వొచ్చే కాయల్లో మా నాన్న చెట్టెక్కి దింపినవి ఎన్నో లెక్క లేదు. లెక్క రాసుకోవడం ఆయనకి రాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. ఎమ్మే, బీయీడీ చేసి సర్కారు బళ్ళో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఈ సొదంతా ఎందుకంటే, ఒక చిన్నపిల్ల అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఈ వివరాల్లోనే ఉంది.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. బళ్ళల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఉపన్యాసం మొదలెడితే పిల్లలు ఆవలిస్తారు. అందుకని ఒక ఏడు తొమ్మిదో తరగతి వాళ్ళకి తలో చీటీ ఇచ్చాను. చనిపోయిన రచయితల్లో ఒక్కరిని మళ్ళీ బతికించి తేగలిగితే ఎవర్ని తెస్తారు, ఎందుకు, రాయండి అన్నాను. శ్రీశ్రీకి ఎక్కువ చీటీలొచ్చాయి. గురజాడకి కొన్ని, పోతనకి కొన్ని. ఒకడు సిరివెన్నెల సీతారామశాస్త్రి పేరు రాశాడు. ఇంకొకడు వేమన పేరు రాసి, పక్కన "ముందు బట్టలు కొనాలి" అని బ్రాకెట్లో రాశాడు. జాషువాకి మూడు వొచ్చాయి. మా మార్కెట్లో కురిడీ కాయని చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తారు, లోపల గుండు మోగుతోందా లేదా అని. పిల్లల చీటీలు అలా ఒక్కొక్కటీ ఊపి చూసుకుంటూ పోతున్నాను. ఒక చీటీలో పేరు లేదు. ఒక్క వాక్యం ఉంది: "వొస్తే ఎవరింట్లో దిగుతారండీ?"

రాసింది మా పేట పిల్లే. నేను పైకి చదివాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. తనకి నిజంగానే అనుమానం. చుట్టం వొస్తున్నాడంటే మంచం ఎక్కడ వెయ్యాలని అడిగే ఇంటి పిల్ల అది. అన్నం ఎవరు పెడతారు, నీళ్ళు ఎక్కడ పోసుకుంటాడు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు. మహాకవి అయితే మాత్రం పడుకోడా?

స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్తే ఒక సహోద్యోగి నవ్వి, "మీరైతే మీ జాషువా గారి పేరే రాస్తారు గదండీ" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నా క్యారేజీలో కూర కూడా తింటాడు. కానీ ఆ "మీ" ఉంది చూశారూ. శ్రీశ్రీ అందరివాడు, గురజాడ అందరివాడు, జాషువా మాత్రం "మీ". నేనేమీ అనలేదు. అనకపోవడం నాకు బాగా అలవాటు. సర్కారు ఉద్యోగం నేర్పే మొదటి విద్య అదే.

ఆ రాత్రి పడుకుని ఆ పిల్ల ప్రశ్నతోనే ఒక్కొక్కరినీ పిలిచి చూశాను.

జాషువా గారు వొస్తే ఇబ్బంది లేదు. ఆయనకి మా వేపు కొత్త కాదు. మూకీ సినిమాల రోజుల్లో, 1915-16 ప్రాంతంలో, రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ చదివే పని చేశారు. తర్వాత బడిపంతులు. నా వృత్తే. 1941లో ఆయన "గబ్బిలం" రాశారు. గుళ్ళోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారంతటివారు ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. ఇప్పుడొస్తే సన్మానాలకి కొదవుండదు. దండలు, శాలువలు, ఫ్లెక్సీలు, ఫోటోలు. వేదిక మీద కుర్చీ ఖాయం. వేదిక దిగాక?

నాకు తెలుసు వేదిక దిగాక ఏమవుతుందో. ఉద్యోగమొచ్చిన కొత్తలో టౌన్లో అద్దిల్లు వెతుక్కున్నాను. ఒక మేడ పై వాటా చూశాను. గాలీ వెల్తురూ బాగున్నాయి. ఇంటాయన నేను తెలుగు మేష్టర్నని తెలిసి సంతోషించాడు. వాళ్ళావిడ చేత కాఫీ తెప్పించాడు. భాగవతంలో ఒక పద్యం అడిగాడు, చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత కప్పు కింద పెట్టి, "మీరేవుట్లండీ?" అన్నాడు. చెప్పాను. "అయ్యో, ఈ వాటా మా తమ్ముడికి మాటిచ్చేశానండీ, మర్చేపోయాను" అన్నాడు. పద్యం నచ్చినంతసేపూ ఆ తమ్ముడు లేడు. నేను మెట్లు దిగుతూ అనుకున్నాను, పద్యం చెప్పకుండా ఉండాల్సింది అని. ఇల్లు పోయినందుకు అంత బాధ లేదు, పద్యం ఇచ్చేసి వొచ్చినందుకు బాధ.

కాబట్టి జాషువా గారు మా ఇంట్లోనే దిగాలి. మాకు రెండు గదులు. సరిపోతుంది. కానీ ఆయన మళ్ళీ గబ్బిలాన్నే వెతుక్కోవాలంటే నేను చూడలేను.

కుసుమ ధర్మన్న గారి పేరు నేను డిగ్రీ చదివిన మూడేళ్ళలో ఒక్కసారి వినలేదు. గరిమెళ్ళ సత్యనారాయణ పాట గురించి పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. తెల్ల దొరతనం వొద్దన్న ఆ పాటకి జవాబుగా, నల్ల దొరతనం సంగతేమిటని అడిగిన మనిషి మన గోదావరి గట్టు మీదే, రాజమండ్రిలో ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. ఆయన వైద్యుడు. "జయభేరి" అని పత్రిక నడిపారు. 1946లో పోయారు. మరుసటి ఏడు తెల్లదొరలు వెళ్ళిపోయారు. ఆయన అడిగిన రెండో సగం అలాగే ఉంది. ఆయన్ని తేవాలని ఉంది. కానీ ఆయన వొస్తే మొదట అడిగేది తన పుస్తకాలు. అవి దాచుకోలేకపోయినవాళ్ళం. ఆయన మొహం చూడటానికి నాకు సిగ్గు.

బొజ్జా తారకం గారిది కాట్రేనికోన వేపు కందికుప్ప. ఆయన వొస్తే ఎవరింట్లో దిగుతారన్న ప్రశ్న లేదు. బస్సు దిగి తిన్నగా కోర్టుకెళ్తారు. 1985లో కారంచేడు జరిగితే హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వొదిలేసుకున్న మనిషి. "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఆయన రాసిన పుస్తకం మా పేటలో ఒక కాపీ చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయింది. చదవడం రానివాడు కూడా దాన్ని చూరులో పెట్టుకునేవాడు, ఇంట్లో ఉంటే ధైర్యమని. కవి కూడా, కానీ మా వాళ్ళకి ఆయన కవిత్వం కంటే ఆ పుస్తకమే కవిత్వం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని నరికారు. పదహారేళ్ళకి, 2007లో, ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. 2016 సెప్టెంబరు 16న తారకం గారు పోయారు. మా వాళ్ళలో ఎవర్నడిగినా ఆయన్నే తెమ్మంటారు. స్టేషన్లో కేసు కట్టకపోతే ఈ రోజుకీ "ఆయనే ఉంటేనా" అంటారు. నేనూ అన్నాను. కానీ ఆలోచిస్తే అది తప్పనిపించింది. ఆయన్ని మనం పిలిచేది ఆయన కోసం కాదు. మనం చెయ్యాల్సిన పని మళ్ళీ ఆయన చేత చేయించుకోవడానికి. జీతం లేకుండా, అలసిపోయినవాణ్ణి నిద్ర లేపి పనిలో పెట్టడాన్ని మా తాతలు వెట్టి అనేవారు. చచ్చిపోయినవాడి చేత కూడా వెట్టి చేయిస్తామా?

అలా చూస్తే ఎవర్నీ పిలవకూడదు. ఆ మాట ఒప్పుకుని నిద్రపోవాల్సింది. కానీ నాకు ఒకాయనతో పనుంది. పని కాదు, పేచీ.

బోయి భీమన్న గారు.

మా అంబాజీపేట నుంచి వైనతేయ పాయ దాటితే అవతల వొడ్డు మామిడికుదురు. ఆయన అక్కడ 1911లో పుట్టారు. 94 ఏళ్ళు బతికి 2005 డిసెంబరులో హైదరాబాదులో పోయారు. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, పద్మశ్రీ, పద్మభూషణ్ అన్నీ వొచ్చాయి. వేదాల్లో మనకీ వాటా ఉందన్న ఆయన ధోరణి మా ముందు తరం దళిత కవులు కొందరికి మింగుడు పడలేదు. నాకూ పడదు. ఆయన పుస్తకాల్లో నేను పూర్తిగా చదవలేక వొదిలేసినవి ఉన్నాయి, దాచడమెందుకు. అయినా ఆయన రాసిన "పాలేరు" నాటకం లేకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మా తాత పాలేరు. ఆసామి దొడ్లో గొడ్ల పక్కనే పడక. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని కుదురు. అప్పు ఉండేది కాబట్టి ఆ బస్తాలు కూడా ఇంటికి పూర్తిగా వొచ్చేవి కావు. మా నాన్నకి అయిదారేళ్ళప్పుడు, అంటే 1960లలో, పక్క ఊరి పేటలో కుర్రాళ్ళు "పాలేరు" నాటకం ఆడుతున్నారని తెలిసి తాత ఆసామికి చెప్పకుండా వెళ్ళాడు. పెట్రోమాక్స్ లైట్లు, చీరలు కట్టిన తెర. పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకుని ఆఫీసరయ్యేసరికి పేటంతా ఈలలు. తాత ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ప్రతిసారీ ఒకే మాటతో ముగించేవాడు: "ఆ రేత్రి ఏడిసేన్రా. తెల్లారి ఎల్లి దొడ్లో పేడ తీసేను."

కానీ పేడ తియ్యడంతో ఆగలేదు. ఆ ఏడే నాన్నని బళ్ళో వేశాడు. పలకా బలపం కొన్నాడు. కోనసీమలో అలా ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్ళు ఎందరో ఉన్నారని పెద్దలు చెప్తారు. నాన్న మూడో తరగతిలోకి వొచ్చాడు. అప్పుడు మా నాయనమ్మకి జబ్బు చేసింది. తాత ఆసామి దగ్గర మళ్ళీ అప్పు తెచ్చాడు. ఆసామి కోప్పడలేదు, తిట్టలేదు. "కుర్రాణ్ణి గేదెల మీదికి పంపించరా" అన్నాడంతే. నాన్న పలక ఇంట్లో పెట్టి వెళ్ళాడు. తర్వాత గేదెల మీంచి కొబ్బరి చెట్టు మీదికి. దింపు పనికి చెట్టుకింత కూలి. చెట్టు రాసుకుని రాసుకుని ఆయన గుండె మీద చర్మం గట్టిపడి, చిన్నప్పుడు నేను ముట్టుకుంటే కొబ్బరి డొక్కలాగా ఉండేది. నన్ను మాత్రం ఒక్క చెట్టూ ఎక్కనివ్వలేదు.

నాకు ఉద్యోగం ఆర్డరొచ్చిన రోజున తాత ఇంకా ఉన్నాడు. చూపు లేదు. కాయితం చేతిలో పెడితే తడిమి చూశాడు. "ఆ నాటకం రాసినాయన ఉన్నాడేట్రా?" అన్నాడు. "లేడు తాతా, పోయి చాలా ఏళ్ళయింది" అన్నాను. "ఓసారి కనపడితే బాగుండును" అన్నాడు.

"ఎందుకూ, దణ్ణం పెట్టుకుంటావా?"

"దణ్ణమా? కాదురా. ఓ మాటడగాలి. ఆ పాలేరోడి అప్పు ఎవడు తీర్చేడని."

ఆ నాటకంలో దానికి జవాబు ఉందో, ఆ రాత్రి ఆడిన కుర్రాళ్ళు ఆ ముక్క ఎగరగొట్టారో, ఈలల్లో తాతకి వినపడలేదో, నేను వాదించను. అరవై ఏళ్ళు ఒక మనిషి తన కడుపులో పెట్టుకున్న ప్రశ్న అది. ఇంటికొచ్చి ఇంకో పిల్లవాడికి పలక కొన్నంత నమ్మకంతో నమ్మినవాడికి మాత్రమే అలా అడిగే హక్కుంటుంది. తాత పోయాడు. ప్రశ్న నా దగ్గరుంది. అందుకే భీమన్న గారు రావాలి. సన్మానానికి కాదు. మా ఇంటికి భోజనానికి పిలిచి, విస్తరి వేసి, రొయ్యల కూర వడ్డించి, ఆయన తిన్నాక అడగాలి.

నాదీ ఒకటుంది. ఆయన పుస్తకం, అకాడమీ అవార్డు వొచ్చింది, పేరు "గుడిసెలు కాలిపోతున్నాయి". ఆ పేరు పెట్టి కూడా ఆయన పాలేరు మీద నమ్మకం వొదల్లేదు. తన ఆత్మకథకి "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు" అని పేరు పెట్టుకున్నారు. గుడిసెలోంచి చదువు పట్టుకుని బయటికొస్తే మంట వెనకే ఉండిపోతుందని మా నాన్నా నమ్మాడు, నేనూ నమ్మాను. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. మే నెలలో దానికి డాక్టర్ అంబేడ్కర్ పేరు పెడతామని ప్రభుత్వం అంది. మే 24న అమలాపురం తగలబడింది. రవాణా మంత్రిగా ఉన్న పినిపే విశ్వరూప్ గారి ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇల్లు కాల్చేశారు. విశ్వరూప్ గారు మనవాడు, మంత్రి, గుడిసె కాదు మేడ. ఆయన రాజకీయం నాకు నచ్చిందా లేదా అన్నది వేరే మాట. ఆ సాయంత్రం మా ఇంటి మేడ మీంచి దూరంగా పొగ కనిపిస్తుందేమోనని నిలబడి చూశాను. ఏమీ కనపడలేదు, కొబ్బరి చెట్లే. రాత్రికి ఇంటర్నెట్ ఆపేశారు. ఫోన్లు చేసుకుని, "మీ వేపు ఎలా ఉంది" అని అడుక్కున్నాం. నా భార్య బీరువా తీసి నా సర్టిఫికెట్లు ఒక సంచిలో పెట్టింది. ఇల్లు తగలబడితే మొదట పట్టుకెళ్ళాల్సింది ఏమిటో దానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కొన్నాళ్ళకి బడి తెరిచాక, ఒకే బెంచీ మీద ఆ పేరు కావాలన్న ఇంటి పిల్లాడూ వొద్దన్న ఇంటి పిల్లాడూ పక్కపక్కన కూర్చున్నారు. నేను సంధులు చెప్పాను. ఇంకేం చెప్పాలో నాకు తెలియలేదు. పేరు ఉంది, ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. బడి బోర్డు మీద ఆ పేరు ఉంది. ఆ రోజు గురించి మాత్రం మా స్టాఫ్ రూములో ఎవరూ మాట్లాడరు. నా క్యారేజీలో కూర తినే ఆయన కూడా మాట్లాడడు.

భీమన్న గారితో అదీ చెప్పాలి. అయ్యా, మీ వేపే 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలల పైన మండింది, 2014 జూన్‌లో నగరంలో గ్యాసు పైపు పేలి నిద్రలో మనుషులు కాలిపోయారు, వాటికి గొట్టం కారణం, తుప్పు కారణం. ఈ మంటకి కారణం ఏమిటో మీరు చెప్పండి. మేం చదువుకోక కాల్చారా, చదువుకున్నామని కాల్చారా?

ఇలా అడిగి ఆయన్ని ఓడిద్దామని కాదు. 94 ఏళ్ళు బతికి నిశ్చింతగా పోయిన పెద్దాయన్ని లేపి ఈ మంట చూపించడం క్రూరం కాదా అని నన్ను నేను అడుక్కున్నాను. క్రూరమే. కానీ ఆయన మనవాడు. పరాయివాణ్ణయితే మర్యాద చేసి పంపేస్తాం. మనవాడితోనే పేచీ పెట్టుకుంటాం. జాషువా గారి ముందు నేను చేతులు కట్టుకుంటాను. తారకం గారి ముందు తల దించుకుంటాను. భీమన్న గారి ముందు మాత్రం పక్కన చాప మీద కూచుని గొంతెత్తగలను. ఆ చనువు ఆయన నాటకమే ఇచ్చింది.

అయితే ఆయన ఊరుకుంటారా? ఊరుకోరు. విస్తట్లో చెయ్యి కడుక్కుని, "సరే, నేను నాటకం రాశాను, మీ తాత పలక కొన్నాడు, మీ నాన్న చెట్టెక్కాడు. నువ్వేం చేశావు?" అంటారు.

ఇక్కడ నా నోరు పడిపోతుంది. ఆ చీటీల తరగతిలోనే ఒక కుర్రాడుండేవాడు. పద్యం ఒకసారి వింటే పట్టేసేవాడు. వాళ్ళ నాన్న కాయలు వొలుస్తూ చెయ్యి కోసుకుని పనికి వెళ్ళలేకపోయాడు. అప్పు చేశారు. సంక్రాంతి సెలవుల తర్వాత కుర్రాడు బడికి రాలేదు. కొబ్బరి వొలుపుకి వెళ్తున్నాడని పిల్లలు చెప్పారు. ఇవ్వాళ వెళ్తాను, రేపు వెళ్తాను అనుకున్నాను. ఆ నెలలోనే నేను ఇంటి స్థలానికి అడ్వాన్సు కట్టాను. మళ్ళీ ఎవరూ "మీరేవుట్లండీ" అని అడక్కుండా నా ఇల్లు నేను కట్టుకోవాలి గదా. ఒక ఆదివారం మార్కెట్టు వెనక కొట్టాల దగ్గర వాణ్ణి చూశాను. ఇనప గునపం మీద కాయ గుచ్చి, ఒక్క తిప్పు, రెండు తిప్పులు, డొక్క ఊడి పక్కకి. నన్ను చూసి లేచి, చేతులు వెనక్కి పెట్టుకుని, "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు. నేను కూడా "గుడ్ మార్నింగ్" అన్నాను. బండి స్టార్ట్ చేసుకుని వొచ్చేశాను. వాడి అప్పు ఎంతో కూడా నేను అడగలేదు.

తాత ప్రశ్న భీమన్న గారి కోసం దాచానని ఇంతదాకా రాశాను. అది ఆ కొట్టం దగ్గర నాకే తగిలింది. ఆసామి మా తాత పిల్లవాణ్ణి గేదెల మీదికి పంపమన్నాడు. నేను ఎవర్నీ పంపమనలేదు, నిజమే. గుడ్ మార్నింగ్ చెప్పానంతే.

మర్నాడు సాయంత్రం వెళ్ళాను వాళ్ళింటికి. వాళ్ళమ్మ ముక్కాలి పీట తుడిచి వేసింది. అప్పు ముప్ఫై వేలు, వ్యాపారి దగ్గర, కాయల కూలిలో విరుపు. నేను కొంత కడతానన్నాను. వాళ్ళ నాన్న చెయ్యి మీద గుడ్డ చుట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తవరికెందుకండీ, ఆడు అలవాటు పడిపోయేడు" అన్నాడు. కుర్రాడు గడప బయట నిలబడి వింటున్నాడు. నేను రేపు బడికి రారా అన్నాను. ఆయ్ అన్నాడు.

రాలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు మా పేట పిల్ల, చీటీ రాసిన పిల్ల, వాళ్ళ గుమ్మం దగ్గర కనిపించింది. పక్కిల్లేనట. "సార్, మీరు మళ్ళీ వొచ్చేరా?" అంది. ఈసారి ఎవరింట్లో దిగాలో నాకు తెలిసింది. ఆ ముక్కాలి పీట మీద కూచుని వాడి కోసం చీకటి పడేదాకా ఉన్నాను. ఇప్పుడు హాజరు ఫోన్లోనే వెయ్యాలి. వాడి పేరు తీసెయ్యమని పైనుంచి రెండుసార్లు చెప్పారు. నేనింకా తియ్యలేదు. రోజూ ఆబ్సెంట్ నొక్కుతున్నాను.